టోకెన్ బిళ్ళ నుంచి షేర్డ్ సర్వీస్ సెంటరు దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు లెక్కల పని నాడు ఎలా ఉండేది, నేడు ఎలా ఉంది అన్న విషయం మీద నాలుగు మాటలు రాయమని కార్యదర్శి గారు పట్టుబట్టారు. నేను పండితుణ్ణి కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో పదవీ విరమణ చేసిన గుమాస్తాను. నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

మా మనవరాలు బి.కాం. చదివి, రెండేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక షేర్డ్ సర్వీస్ సెంటరులో చేరింది. "అంటే ఏమిటమ్మా?" అని అడిగితే, "ఇరవై దేశాల్లో ఉన్న మా కంపెనీ శాఖలన్నిటి బిల్లులూ, జీతాలూ, జమాఖర్చులూ ఒక్కచోటే చూస్తాం తాతయ్యా" అంది. నాకు నవ్వొచ్చింది. మన ట్రెజరీ చేసిందీ అదే కదా! విద్యాశాఖ బిల్లయినా, పశువైద్యశాల బిల్లయినా ఆ కిటికీలోంచే లోపలికి వెళ్ళేది. ఇత్తడి టోకెన్ బిళ్ళ పట్టుకుని మనం వసారాలో నిలబడేవాళ్ళం.

ప్రైవేటు కంపెనీలు ఈ పద్ధతికి మళ్ళడానికి యంత్రం కావలసి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన 1972లోనే జర్మనీలో, ఐ.బి.ఎం. వదిలి వచ్చిన అయిదుగురు కలిసి శాప్ సంస్థను స్థాపించారు. కొనుగోలు, సరుకు, చెల్లింపు, ఖాతా అన్నీ ఒకే కంప్యూటరు వ్యవస్థలో ఉండాలన్నది వారి ఆలోచన. అలా కుదిరాక, లెక్కలు రాసే మనిషి ఏ ఊళ్ళో కూర్చున్నా ఒకటే అయింది. మన దేశంలో 1997లో జి.ఇ. సంస్థ తన సొంత పనుల కోసం పెట్టుకున్న కేంద్రమే తరువాత విడిపోయి జెన్‌పాక్ట్ అయింది. హైదరాబాదు ఉప్పల్‌లోనూ దానికి కార్యాలయం ఉంది. ప్రభుత్వాలూ ఇదే దారి పట్టాయి. ఇంగ్లండులో ఆసుపత్రుల లెక్కల కోసం 2005లో ఎన్.హెచ్.ఎస్. షేర్డ్ బిజినెస్ సర్వీసెస్ వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2018లో సి.ఎఫ్.ఎం.ఎస్. వచ్చింది.

మరి ఆ పిల్లలకు ఏం తెలియాలి? డెబిట్, క్రెడిట్ సరే, ఎక్సెల్, శాప్ సరే. మనవరాలు చెప్పినదాన్ని బట్టి చూస్తే, అసలు పని అంకెలు ఎక్కించడం కాదు. బిల్లుల్ని ఇప్పుడు యంత్రమే చదువుతుంది. కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు ఈ మూడూ సరిపోతే చెల్లింపూ దాదాపు దానంతటదే అయిపోతుందట. సరిపోనివే మనిషి ముందుకు వస్తాయి. అంటే మిగిలింది రికన్సిలియేషన్!

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1983లో మా ఆఫీసు టైపిస్టు గారి జి.పి.ఎఫ్. నంబరులో చివరి రెండంకెలు 63కు బదులు 36 అని షెడ్యూలులో రాశాను. ఆపై ప్రతి నెలా పాత షెడ్యూలు చూసి కొత్తది దించుకున్నాను. మొత్తం సరిపోయింది, బిల్లు పాసయింది, ఎవరికీ అనుమానం రాలేదు. మూడేళ్ళ సొమ్ము వేరొకరి ఖాతాలో పడింది. ఏటా వచ్చే స్లిప్పును ఆయన బీరువాలో పెట్టుకున్నారే గాని చూసుకోలేదు. చూడవలసింది నేను. కూతురి పెళ్ళికి పార్ట్ ఫైనల్ పెట్టినప్పుడు బయటపడింది. నిల్వ తక్కువని మంజూరు తగ్గింది. ఆయన నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పెళ్ళి చేశారు. వోచరు నంబర్లు, తేదీలు, ధృవీకరించిన షెడ్యూళ్ళు అన్నీ పోగుచేసి నేనే ఏజీ ఆఫీసుకు పట్టుకెళ్ళాను. సరి అయ్యేసరికి పెళ్ళయి నాలుగు నెలలు దాటింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మనవరాలికి ఈ సంగతి చెప్పాను. వాళ్ళ దగ్గర ఒకరు ఎక్కించినది మరొకరు ఆమోదిస్తే తప్ప డబ్బు కదలదట. సరఫరాదారు బ్యాంకు ఖాతా నంబరు మార్చాలంటే ఫోను చేసి మరీ నిర్ధారించుకుంటారట. "అయినా మొత్తం సరిపోయిందని వదిలేసేవాళ్ళు మాలోనూ ఉన్నారు తాతయ్యా" అంది. మొత్తం సరిపోవడం వేరు, ఎవరి సొమ్ము వారికి చేరడం వేరు అని నాకు ఆ టైపిస్టు గారి వల్లనే తెలిసింది.

ఇంకొకటి, ఉత్తరం రాయడం. అక్కడి మేనేజరు ఎప్పుడూ చూడని మనిషికి, ఆయన పగలు మనకు రాత్రి అయినప్పుడు, తేడా ఎక్కడ వచ్చిందో నాలుగు వాక్యాల ఇంగ్లీషులో స్పష్టంగా రాయాలి. మన డ్రాఫ్టింగు గుర్తుందా? సూపరింటెండెంటు గారి ఎర్ర సిరా గుర్తుందా? ఆ శిక్షణ ఈ పిల్లలకు కాలేజీలో దొరకడం లేదు. మార్చి 31 రాత్రి మనం పడిన పాట్లు వాళ్ళు ప్రతి నెలాఖరుకూ పడుతున్నారు. ఇది మాత్రం నాకు నచ్చలేదు, పిల్ల చిక్కిపోయింది.

సి.ఎం.ఏ. గాని, ఏ.సి.సి.ఏ. గాని చదువుతూ ఉంటే ఉద్యోగంలో పైకి వెళ్ళే వీలుందని ఆమె చెప్పింది. మన సభ్యుల మనవలెవరైనా ఇలాంటి ఇంటర్వ్యూలకు వెళుతుంటే, ఆదివారం ఉదయం పూట ఫోనులో మాట్లాడతానంది. నంబరు కార్యదర్శి గారికి ఇచ్చాను. నెల మొదటి వారం మాత్రం చేయవద్దని మనవి.