నడకలో తెలిసే కళ: రామప్ప గుడి, ఫెర్గూసన్ చూపు

రామప్ప గుడి మీద తెలుగులో వచ్చిన వ్యాసాలను వరసగా చదివితే ఒక లోటు తెలిసిపోతుంది. శాసనం గురించి రాశారు. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి వంశం గురించి రాశారు. మదనికలనే స్త్రీ శిల్పాల నగల గురించి, ఒక మదనిక కాలికున్న ఎత్తుమడమల పాదరక్షల గురించి, నీటిలో తేలే ఇటుక గురించి విస్తారంగా రాశారు. గుడి గురించి మాత్రం రాయలేదు. శిల్పాలను, శాసనాలను మోస్తున్న కట్టడంగానే దాన్ని చూశారు తప్ప, ఆ కట్టడమే ఒక కళాకృతి అన్న ఎరుకతో చూడలేదు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తర్వాత ఈ ధోరణి తగ్గుతుందని ఆశించాను. అది మరింత పెరిగింది.

రామప్ప గుడి ఉన్న పాలంపేటలో విద్యార్థి బృందాలను గమనించిన ప్రతిసారీ నాకు ఇదే కనిపించింది. గైడు ఒక రాతిని మీటి స్వరాలు వినిపిస్తాడు, సూది పట్టేంత సన్నని చెక్కడం చూపిస్తాడు. విద్యార్థులు మదనికలను ఒక్కొక్కటిగా ఫొటో తీసుకుంటారు. ఏ శిల్పం నచ్చిందని అడిగితే వెంటనే చెబుతారు. రంగమంటపంలో అడుగుపెట్టగానే ఏమనిపించిందని అడిగితే మాట రాదు. తప్పు వాళ్లది కాదు. కవిత్వం, సంగీతం, నాట్యం, చిత్రలేఖనం, శిల్పం అని మనం బడిలో నేర్పే లలితకళల పట్టికలో కట్టడానికి చోటే లేదు. దాన్ని ఎలా ఆస్వాదించాలో ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

ఈ లోటుకు మూలం జేమ్స్ ఫెర్గూసన్‌లో ఉందని నా వాదన. కలకత్తాలో నీలిమందు వ్యాపారం చేసి, దేశం తిరిగి, 1876లో భారతీయ వాస్తుకళా చరిత్రను ప్రచురించిన ఈయన వేసిన దారిలోనే మనం ఇప్పటికీ నడుస్తున్నాం. బౌద్ధం, జైనం, ద్రావిడం, చాళుక్యం, ఇండో ఆర్యన్ అంటూ ఆయన చేసిన విభజన మతాన్ని, జాతిని ముందు నిలిపి, చూసేవాడి అనుభవాన్ని వెనక్కి నెట్టింది. హనుమకొండ వేయిస్తంభాల గుడిని ఆయన చాళుక్య శైలి కింద చేర్చాడు. అంతటితో దాని గురించి తెలుసుకోవలసింది తెలిసిపోయినట్టు తర్వాతివారు భావించారు.

వర్గీకరణ కన్నా ఆయన చూసిన తీరే ఎక్కువ నష్టం చేసింది. తర్వాతి రచనల్లో ఆయన ఛాయాచిత్రాల మీద ఎంతో ఆధారపడ్డాడు. ఛాయాచిత్రం గుడిని ఒక దూరం నుంచి, ఒక వైపు నుంచి, ఒక్క క్షణంలో చూపిస్తుంది. హళేబీడు ఆలయాన్ని ఏథెన్సు పార్థెనాన్ పక్కన నిలిపి, వాస్తుకళకు ఆ రెండూ రెండు కొసలని ఆయన తీర్మానించాడు. ఒకదాని నిగ్రహాన్ని, మరొకదాని అలంకార సమృద్ధిని మెచ్చుకున్నాడు. మెచ్చుకోలు నిజమైనదే. కానీ ఆయన పోల్చింది రెండు ముఖభాగాలను. ఆ రెండు కట్టడాల్లోనూ మనిషి ఎక్కడ నడుస్తాడు, ఎక్కడ ఆగుతాడు, ఎప్పుడు వెలుగులోంచి చీకట్లోకి వెళ్తాడు అన్న ప్రశ్నలు ఆ పోలికలో లేవు. ఆయనకన్నా ముందే, 1834లో అచ్చయిన గ్రంథంలో రామ్ రాజ్ శిల్పశాస్త్రాలను పరిశీలించి, స్థపతుల దగ్గర అర్థం తెలుసుకుని రాశాడు. కట్టేవాళ్లను అడిగి తెలుసుకునే ఆ పద్ధతి వెనకబడింది. దూరం నుంచి చూసి తీర్పు చెప్పే పద్ధతి గెలిచింది.

ఇప్పుడు రామప్పను నడిచి చూద్దాం. 1213 నాటి ఈ ఆలయం ఆరడుగులకు పైగా ఎత్తున్న ఉపపీఠం మీద ఉంది. గుడి చుట్టూ ప్రదక్షిణం చేయడానికి చాలినంత వెడల్పు ఆ పీఠం మీదే వదిలారు. అంటే లోపలికి వెళ్లకముందే ఒక నడకను కట్టడంలో భాగం చేశారు. దూరం నుంచి చూసినప్పుడు తేలిక ఇటుకల విమానమే కట్టడమంతటికీ పెద్ద. పీఠం ఎక్కి తూర్పు ద్వారం ముందుకు వచ్చేసరికి చూరు అడ్డొచ్చి విమానం కనుమరుగవుతుంది. ఇక కళ్ల ముందున్నది ఎర్రటి ఇసుకరాయి, వెలుపలి గోడ మీద ఏనుగుల బారు, తలెత్తితే నల్లరాతి మదనికలు.

ఈ మదనికలు పన్నెండు. మూడు ద్వారాల దగ్గర, స్తంభం భుజం నుంచి చూరు వైపు ఏటవాలుగా వంగి ఉంటాయి. మిగతా వెలుపలి స్తంభాల మీద ఆ చోట వ్యాళాలను పెట్టారు. ఫొటోలో మదనిక ఎదురుగా నిలబడిన బొమ్మ. మెట్లెక్కే మనిషికి అలా కాదు. మొదటి మెట్టు మీద ముఖం కనిపిస్తుంది, రెండు మెట్లెక్కాక నడుము వంపు తేలుతుంది, ద్వారం కిందికి వచ్చాక ఆ ఒళ్లంతా మన మీదికి వాలినట్టుంటుంది. ఆ వంపుకు అర్థం ఎక్కే మనిషి ఉన్నప్పుడే. ఎర్రరాతి మధ్య నల్లరాతిని అక్కడే వాడటం కూడా చూపును ద్వారం దగ్గర పైకి లాగడానికే. మదనికను విడి శిల్పంగా వర్ణించినవారు, అది ప్రవేశమనే ఘట్టంలో ఒక భాగమని గమనించలేదు.

లోపల రంగమంటపానికి నిండు గోడలు లేవు. కక్షాసనాల మీదుగా వెలుగు పక్కల నుంచి వస్తుంది, కప్పు మాత్రం నీడలో ఉంటుంది. అందువల్ల నునుపు తేలిన నడిమి నాలుగు స్తంభాలు ముందు కనిపిస్తాయి, దూలాల మీది చెక్కడాలు కళ్లు నీడకు అలవాటు పడ్డాకే తేలుతాయి. ఆ కాసేపు ఆగడాన్ని కూడా కట్టినవాడు లెక్కలో పెట్టుకున్నాడు. అంతరాళ ద్వారం పక్కన నర్తకుల జాలీల దగ్గర అలంకారం చివరిసారి చిక్కబడుతుంది. దాన్ని దాటితే గర్భగుడి చీకటి, నిరాడంబరత. బయటి ఎండ, పీఠం మీది నడక, చూరు నీడ, మంటపం పక్క వెలుగు, గర్భగుడి చీకటి అన్న ఈ క్రమమే రామప్ప. మదనికల దగ్గరే ఆగిపోయి తిరిగి రావడం పల్లవి విని చరణాలు వదిలేయడం లాంటిది.

తెలుగువాళ్లకు ఈ చూపు కొత్త కాదు. పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లును చూసేది వీధుల వెంట నడుస్తూ, మాట్లాడుకుంటూనే. అంగళ్లు, దేవతల గుళ్లు, మాచల్దేవి చిత్రశాల ఒకదాని తర్వాత ఒకటి వాళ్ల నడకలోనే విచ్చుకుంటాయి. దీన్ని వినోద కావ్యంగా, సాంఘిక చరిత్రకు ఆధారంగా చదివాం. వాస్తుకళాస్వాదనకు తెలుగులో ఉన్న తొలి పాఠంగా చదవలేదు. ఇక రామప్ప నాటి కాకతీయ రాజు గణపతిదేవుడి కొలువులోనే గజసాహిణిగా, అంటే ఏనుగుల దళపతిగా, ఉన్న జాయప సేనాని, రామప్ప తర్వాత నాలుగు దశాబ్దాలకు నృత్తరత్నావళి రాశాడు. దేహపు కదలికకు శాస్త్రం రాసిన కాలం, కదిలే దేహం కోసం గుడి కట్టిన కాలం ఒకటే. ఈ రెండింటి వెనక ఒకే సౌందర్య దృష్టి ఉందని నేను నమ్ముతున్నాను. నటరాజ రామకృష్ణ రామప్ప శిల్పాల భంగిమల నుంచి పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. నర్తకులు ఆ రాళ్లలో కదలికను చదివారు. వాస్తు చరిత్రకారులు ఇంకా చదవవలసి ఉంది.

13వ శతాబ్దంలో రామప్ప మంటపం దాకా వెళ్లగలిగినవారు కొందరేనన్న అభ్యంతరం ఉంది. కానీ అది ఎవరు నడిచారన్న ప్రశ్న, నడక కోసం కట్టారన్న విషయాన్ని అది మార్చదు.

హనుమకొండ వేయిస్తంభాల గుడి ఈ వాదానికి మన కాలంలోనే రుజువు ఇచ్చింది. అక్కడి కల్యాణ మంటపం పునాది కుంగడంతో 2006లో దాన్ని విప్పడం మొదలుపెట్టారు. తిరిగి కట్టి 2024 మార్చిలో తెరిచారు. ఆ మధ్య ఏళ్లన్నీ చెక్కిన రాళ్లు ఉన్నాయి, మంటపం లేదు. శిల్పమే కళ అయితే ఆ ఏళ్లలో మనం పోగొట్టుకున్నది ఏమీ లేదు. పోయింది స్తంభాల మధ్య నడిచే చోటు. వరంగల్ కోటలో నాలుగు కీర్తితోరణాల మధ్య స్వయంభూ ఆలయం కూలిపోయినా, ఒక తోరణం నుంచి మరో తోరణానికి నడిచినవాడికి ఆ ఆలయం కొలత ఇప్పటికీ తెలుస్తుంది. తోరణాన్ని తెలంగాణ రాజముద్రలో చూసినవారికి అది ఒక ఆకారం. దాని కిందుగా నడిచినవారికి అది ఒక ప్రవేశం.

కాబట్టి కాకతీయుల గుళ్లే కాదు, తెలుగు నేల మీది కట్టడాలన్నీ, అసలు ప్రపంచంలోని ఏ వాస్తుకళైనా, నడక ద్వారానే లలితకళగా అనుభవంలోకి వస్తుంది. ముఖభాగాల చిత్రాలతో రాసిన చరిత్రలను ఈ వెలుగులో మళ్లీ రాయాలి. వాస్తుకళను, లలితకళలను ఒకే పేరులో నిలుపుకున్న విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉంది. ఆ రెండింటినీ కలిపి చదివే అలవాటు మాత్రం పాఠశాల నుంచే మొదలవ్వాలి. గుడికి తీసుకెళ్లిన పిల్లలను మొదట ఏ మాటా చెప్పకుండా ఒకసారి చుట్టూ నడిపించాలి. ఎక్కడ చల్లబడింది, ఎక్కడ తల పైకెత్తారు, ఎక్కడ ఆగాలనిపించింది అని అడగాలి. రాజుల పేర్లు, తేలే ఇటుకలు ఆ తర్వాత చెప్పవచ్చు. ఈ క్రమం తిరగేసి నేర్పినంత కాలం మనకు శిల్పాల జాబితాలు ఉంటాయి, శాసనాల సంపుటాలు ఉంటాయి, తెలుగు వాస్తుకళకు చరిత్ర మాత్రం ఉండదు.