ఇంటి నంబరు నుంచి మనిషి నంబరుకు: భారతదేశంలో ల్యాండ్‌లైన్ – మొబైల్ పరివర్తన

వ్యాస సంగ్రహం:
ఇంటి టెలిఫోన్ స్థానాన్ని మొబైల్ ఆక్రమించడాన్ని సాధారణంగా సాంకేతిక విజయంగా వివరిస్తుంటారు. ఆ మార్పులో ధరల నియమాలకు, సంస్థల మధ్య పోటీకి ఉన్న పాత్రను పరిశీలించి, దాని సామాజిక ఫలితాన్ని తెలుగువారి వ్యవహారం నుంచి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ల్యాండ్‌లైన్, మొబైల్, టెలికాం విధానం, పోటీ, ట్రాయ్, డైరెక్టరీ.

1. ఉపోద్ఘాతం:
1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలు ప్రారంభమయ్యాయి. వందేళ్లు గడిచినా ఫోను సామాన్యుని ఇంటికి చేరలేదు. 1980లలో కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం సర్వసాధారణం. ఫోను లేనివారు పక్కింటి నంబరు ఇచ్చి, దాని పక్కన 'పి.పి.' అని రాసేవారు. ఒక ఇంటి ఫోను వీధి మొత్తానికి ఉపకరించేది. ఆ దశాబ్దం చివరి నుంచి విస్తరించిన ఎస్టీడీ బూత్‌లు ఈ కొరతను కొంత తీర్చాయి.

2. గుత్తాధిపత్యం నుంచి పోటీకి:
1985లో తపాలా శాఖ నుంచి టెలికాం శాఖ విడివడింది. 1994 జాతీయ టెలికాం విధానం ప్రైవేటు సంస్థలకు ద్వారాలు తెరిచింది. 1995 జూలై 31న పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మొబైల్‌లో మాట్లాడారు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్ తొలి సంస్థలుగా వచ్చాయి. అయితే నిమిషానికి సుమారు 16 రూపాయల ధర, వచ్చిన కాల్‌కూ రుసుము ఉన్నందువల్ల మొబైల్ సంపన్నుల వస్తువుగానే నిలిచింది. సంస్థలు మాత్రం లైసెన్సు రుసుముల భారంతో సతమతమయ్యాయి. 1997లో నియంత్రణ సంస్థగా ట్రాయ్ ఏర్పడింది. 1999 విధానం స్థిర లైసెన్సు రుసుము స్థానంలో ఆదాయంలో వాటాను ప్రవేశపెట్టింది. పోటీకి ఆర్థికంగా వీలు కలిగింది అప్పుడే.

3. చెల్లించేది ఎవరు?:
2000 అక్టోబరు 1న ఏర్పడిన బి.ఎస్.ఎన్.ఎల్. 2002లో మొబైల్ సేవలు ప్రారంభించింది. అదే సంవత్సరం డిసెంబరులో రిలయన్స్ రంగంలోకి దిగింది. 2003 మే 1 నుంచి కాల్ చేసినవారే చెల్లించే పద్ధతి అమలై, ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి. ఈ మార్పు యంత్రానిది కాదు, నియమానిది. ఖర్చు లేకుండా కాల్ అందుకోగలగడంతో ఆటోడ్రైవరు, తాపీమేస్త్రి వంటి శ్రామికులకు ఫోను ఉపాధి సాధనమైంది. 2004లోనే మొబైల్ కనెక్షన్లు ల్యాండ్‌లైన్లను మించిపోయాయి.

ల్యాండ్‌లైన్ క్షీణతకూ కారణం ఈ ఆర్థిక వ్యవస్థలోనే ఉంది. ప్రతి ఇంటికీ విడిగా రాగితీగ వేయాలి. మొబైల్ టవరును వందలమంది పంచుకుంటారు. పైగా తక్కువ అద్దె, చౌక స్థానిక కాల్స్ వల్ల వచ్చే లోటును ఎస్టీడీ ఆదాయమే పూడ్చేది. పోటీతో ఎస్టీడీ ధరలు పడిపోగా ఆ ఆధారం పోయింది. లోటు భర్తీకై 2003లో విధించిన 'యాక్సెస్ డెఫిసిట్ ఛార్జి'ని 2008లో ఎత్తివేశారు.

4. ఇంటి నుంచి వ్యక్తికి:
ల్యాండ్‌లైన్‌కు కాల్ చేస్తే చోటు తెలుసు, మనిషి తెలియదు. అందుకే తొలి మాట "ఎవరండీ మాట్లాడేది?" అయ్యేది. మొబైల్‌లో మనిషి తెలుసు, చోటు తెలియదు, తొలి ప్రశ్న "ఎక్కడున్నావు?" అయింది. హాలులోని ఫోనుకు ఇంటి పెద్ద సంరక్షకుడు. సంభాషణ ఇంటిల్లిపాదికీ వినిపించేది. మొబైల్ మాటను ఏకాంతంలోకి తీసుకువెళ్లింది. అయితే కుటుంబంలో ఫోను ఎవరి చేతిలో ఉన్నదనే ప్రశ్నను అది పూర్తిగా తొలగించలేదు.

చరిత్రకారులకు మరొక నష్టం జరిగింది. పేరు, చిరునామాలతో అచ్చయిన టెలిఫోన్ డైరెక్టరీ ఒక పట్టణంలోని వృత్తులకు, వ్యాపారాలకు, సంపన్నవర్గ విస్తరణకు ఆధారం. మొబైల్ చందాదారులకు అటువంటి బహిరంగ గ్రంథం లేదు. వారి వివరాలు సంస్థల దగ్గర ఉన్నాయే గాని పరిశోధకునికి అందవు.

5. ముగింపు:
2000ల మధ్యలో ల్యాండ్‌లైన్లు గరిష్ఠంగా సుమారు 5 కోట్లు. 2016 నాటికి మొబైల్ కనెక్షన్లు 100 కోట్లు దాటాయి. ఒకే వ్యక్తికి రెండు సిమ్‌లు ఉండవచ్చుననుకున్నా, ఈ అంతరం ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది: అత్యధికులకు మొబైల్ ల్యాండ్‌లైన్‌కు ప్రత్యామ్నాయం కాదు, జీవితంలో తొలి ఫోను. కాబట్టి 'స్థానభ్రంశం' అనే మాట కొద్దిమంది మధ్యతరగతి ఇళ్లకే వర్తిస్తుంది.

ఆ విస్తరణకు తోడ్పడిన పోటీ మాత్రం స్థిరంగా నిలవలేదు. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. 2016లో జియో ప్రవేశం తరువాత పలు సంస్థలు నిష్క్రమించాయి. 2018లో వొడాఫోన్, ఐడియా విలీనంతో ప్రధాన ప్రైవేటు సంస్థలు మూడే మిగిలాయి. ఫోనును సామాన్యుని చేతికి చేర్చింది పోటీని సాధ్యం చేసిన నియమాలే. అందువల్ల టెలికాం చరిత్రను పరికరాల వరుసక్రమంగా గాక, నియమాల చరిత్రగా అధ్యయనం చేయవలసి ఉంది.