సంగం యుగపు పూల సంకేతాలు

పూలకు అర్థాలు కల్పించుకున్న జాతులు అనేకం ఉన్నప్పటికీ, ప్రేమను, యుద్ధాన్ని పూల పేర్లతో విభజించి, ఆ విభజన మీద ఒక కావ్యశాస్త్రాన్నే నిలబెట్టిన ఘనత ప్రాచీన తమిళులది. క్రీస్తు శకపు తొలి శతాబ్దాల ప్రాంతంలో వెలసిన సంగం సాహిత్యమూ, ఆ కవితాలక్షణాలను వివరించిన తొల్కాప్పియం అనే వ్యాకరణ గ్రంథమూ ఇందుకు ఆధారాలు.

ఆ సంప్రదాయంలో ప్రేమకవిత్వాన్ని 'అకం', అంటే లోపలిది అనీ, యుద్ధాన్ని, దానాన్ని, రాజకీర్తిని చెప్పే కవిత్వాన్ని 'పుఱం', అంటే వెలుపలిది అనీ అన్నారు. అకంలోని ఐదు ప్రధాన విభాగాలకు, అంటే 'తిణై'లకు, ఆయా నేలల్లో పూచే పూల, చెట్ల పేర్లే పెట్టారు. కొండసీమ కుఱింజి ప్రేమికుల కలయికకూ, అడవిసీమ ముల్లై నిరీక్షణకూ, పంటపొలాల మరుతం అలకకూ, సముద్రతీరపు నెయ్తల్ దుఃఖానికీ, ఎండిన బీళ్ల పాలై ఎడబాటుకూ గుర్తులయ్యాయి. వీటిలో ముల్లై తెలుగువారి మొల్లకూ, మరుతం మద్దికీ భాషాపరంగా సోదరపదాలు.

ఈ అర్థాలకు మూలం ప్రకృతి పరిశీలనలోనే ఉంది. వానలు మొదలయ్యేనాటికి తిరిగివస్తానని మాట ఇచ్చి భర్త దండయాత్రకు వెళితే, ఆ వానకారు సాయంసంధ్యలోనే మొల్ల విచ్చుకుంటుంది కనుక, కవి ఆ పువ్వును పేర్కొన్నంత మాత్రాన ఋతువూ, వేళా, ఇంట ఎదురుచూసే ఇల్లాలి ఓర్పూ శ్రోత మనసులో ఒక్కసారిగా మెదిలేవి.

పుఱంలో పువ్వు పోరాట దశను తెలిపేది. శత్రువుల పశువులను తోలుకురావడానికి బయలుదేరే వీరులు వెట్చిని, అంటే నూరువరహాల పూలను, ముఖాముఖి పోరుకు దిగేవారు తుంబైని, అంటే తుమ్మిపూలను, గెలిచినవారు వాగైని, అంటే దిరిసెన పూలను ధరించేవారని కవితలు చెబుతాయి. తొల్కాప్పియం వెట్చిని కుఱింజికి జోడుగా నిలిపింది. రహస్య సమాగమమూ, పశువుల అపహరణా రెండూ చీకటిమాటున సాగేవే కావడం ఈ పొత్తుకు తగిన కారణంగా కనిపిస్తుంది.

రాజవంశాలకూ వేర్వేరు చిహ్నాలుండేవి: చేరులకు తాడి, చోళులకు ఆర్ అనే ఆరెపూలు, పాండ్యులకు వేప. చోళవంశీయుడైన నలంకిళ్ళి తన దాయాది నెడుంకిళ్ళిని ఉఱైయూరులో ముట్టడించినప్పుడు, కోవూర్ కిళార్ అనే కవి ఇరుపక్షాలవారూ ధరించినది ఒకే ఆరెమాల అని గుర్తుచేసి, ఎవరు ఓడినా ఓడేది వారి వంశమేనని హితవు చెప్పాడు. పుఱనానూఱు అనే సంకలనంలో నిలిచిన ఆ కవితలో, శత్రువును గుర్తుపట్టడానికి ఉపయోగపడవలసిన పువ్వే బంధుత్వానికి సాక్ష్యమై నిలిచింది.

ఆ యుద్ధాలు ముగిసి శతాబ్దాలు గడిచినా, ఆ సంకేతం పూర్తిగా వాడిపోలేదు. ఎన్నికలలోనో ఆటలలోనో గెలిచినవారు 'వాగై సూడినార్', అంటే దిరిసెన పూలు ముడిచారు, అని తమిళులు నేటికీ అంటారు. తలలో పువ్వు లేకపోయినా, దాని అర్థం మాత్రం మాటలో పూస్తూనే ఉంది.