ఖాళీ బండి ఎటు తిరగాలి?

ఉర్దూలో 'తారీఖ్' అంటే తేదీ కూడా, చరిత్ర కూడా. హైదరాబాద్ ఆటోవాలాలకు ఈ రెండూ కావాలి. ఇవాళ తారీఖు ఎంత అని అడిగితే చాలామంది దగ్గర మూడు లెక్కలు దొరుకుతాయి: అంగ్రేజీ నెల, హిజ్రీ నెల, పంచాంగం. సవారీని దించేశాక ఖాళీ బండిని ఎటు తిప్పాలో తేల్చేది ఆ లెక్కే.

ముహర్రం, సఫర్ నెలల్లో మన ఇళ్లలో నికాహ్‌లు తక్కువ. (షరీఅత్‌లో మనాహీ ఏమీ లేదు, రివాజ్ అంతే.) ఆషాఢంలో, మూఢంలో హిందువుల పెళ్లిళ్లు ఉండవు. రెండూ ఒకేసారి పడిన ఏడాది రాత్రిపూట షాదీఖానాల ముందు బండి పెట్టడం దండగ. మూఢం ఎప్పుడు విడుస్తుందో చాంద్రాయణగుట్ట డ్రైవర్‌కు పంతులు గారికి తెలిసినంత బాగా తెలుసు. జుమేరాత్ సాయంత్రం నాంపల్లిలో యూసుఫైన్ దర్గా వైపు. పొద్దున ఉస్మానియా దవాఖానా, చంటిబిడ్డల తల్లుల కోసం నీలోఫర్. రంజాన్‌లో ఇఫ్తార్‌కు గంట ముందు అందరూ ఇంటికే, ఎవరికీ ఆగే సబర్ ఉండదు. తరావీహ్ అయ్యాక పత్తర్‌గట్టీ, మదీనా, చార్మినార్. ఆఖరి పది రోజులైతే సహరీ దాకా.

ఈ తజుర్బా ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు. దాని వెనక నూటయాభై ఏళ్ల షహర్ ఉంది.

రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది. 1907లో నాంపల్లి, 1916లో కాచిగూడ స్టేషన్లు వచ్చాయి. నాంపల్లిలో పట్టాలు అక్కడితో ఆఖరు. డబ్బాలో ఉన్న ప్రతి ముసాఫిర్ దిగాల్సిందే. జట్కావాలాకు ఇంతకన్నా ఏం కావాలి? రైలు టైం తెలిస్తే చాలు. కానీ అందరికీ తెలిసిన సంగతిలో ఎవరికీ నఫా ఉండదు. పది సవారీలకు ముప్పై బండ్లు చేరతాయి. అక్కడ కొట్లాటైనా కావాలి, నంబరైనా కావాలి. ముందొచ్చినవాడి బండి ముందు. అందుకే అడ్డా అంటే నిలబడే జాగా ఒక్కటే కాదు, అదొక ఖానూన్. సర్కారు రాసింది కాదు. కొత్త బండి వచ్చి వరస తప్పి సవారీ ఎక్కించుకుంటే ఏమవుతుందో అడ్డామీద ఒక్కరోజు నిలబడితే తెలుస్తుంది.

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. పెద్ద సడక్ బస్సుది, గల్లీ జట్కాది, రిక్షాది. ఈ పంపకం ఇప్పటికీ పూర్తిగా చెరిగిపోలేదు.

తర్వాత వచ్చిందే నాకు అసలు కథ అనిపిస్తుంది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దు. ఫౌజులో, దేవిడీల్లో, చిన్నాచితకా దఫ్తర్లలో నౌకరీలు పోయినవాళ్లు ఎందరో సైకిల్ రిక్షా తొక్కారు. వాళ్ల చేతిలో పైసల్లేవు కానీ ఒక పూంజీ ఉంది. ఏ దేవిడీకి ఏ గల్లీలోంచి పోవాలో, ఏ ఇంట్లో పర్దానషీన్ ఔరతులు ఉన్నారో, వాళ్లు ఏ రోజు మైకాకు పోతారో తెలుసు. రిక్షాకు చుట్టూ పర్దా కట్టి ఆ దర్వాజాల ముందు నిలబడ్డారు. నిన్న అదే దర్వాజా లోపల సలాం కొట్టినవాళ్లు. నవాబుల మహళ్ల మీద మనం రాసుకున్న కితాబులు అల్మారీలు నిండుతాయి. మహల్ బయట రిక్షా మీద కూర్చుని ఇంతెజార్ చేసినవాడి మీద ఎన్ని ఉన్నాయి?

ఆటో వచ్చాక లెక్క మరింత గట్టిదైంది. బండి సేఠ్‌దైతే పొద్దున కళ్లు తెరిచేసరికే కిరాయి బాకీ. అందుకని ముందు స్కూలు పిల్లలు, నెలవారీ పైసలు ఖాయం. పిల్లల్ని దించిన చోటునుంచే ఆరోజు తలాష్ మొదలు. ఆటోవాలా "అటు రాను" అంటే మనం నఖ్రా అంటాం. అతను చూసేది మీ కిరాయి ఒక్కటే కాదు. మీరు దిగిపోయాక తాను ఎక్కడ మిగులుతాడని. తిరుగు సవారీ దొరకని చోటయితే వాపసు పెట్రోలు తన జేబులోంచే. రాత్రి పదకొండు దాటాక "ఒకటిన్నర" అడగడంలో కూడా కొంత ఇదే ఉంది. కొంత లాలచ్ కూడా ఉంది, కాదనను.

ఇంకో లెక్క ఉంది, అది పైకి చెప్పరు. 1990 డిసెంబర్ ఫసాదుల్ని చూసిన డ్రైవర్లకు మగ్రిబ్ వేళకు ఏ మొహల్లాలో ఉండాలన్నది గిరాకీ సవాల్ కాదు, జాన్ సవాల్. కర్ఫ్యూ పడితే రోజు కూలీ లేదు. పడకముందు ఇంటికి చేరాలంటే మంచి సవారీని కూడా వదులుకోవాలి.

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. గల్ఫ్ నుంచి దిగేవాళ్లు, ఉమ్రా నుంచి జంజం డబ్బాలతో వచ్చేవాళ్లు ఒక్కసారిగా షహర్ బయటికి జరిగిపోయారు. 2014 ప్రాంతంలో ఓలా, ఊబర్ వచ్చాయి. ఫోన్‌లో నక్షా ఎక్కడ ఎర్రబడితే అక్కడికి పొమ్మంది. అందరూ అటే పరిగెత్తారు, చేరేసరికి ఎరుపు మాయం. నాంపల్లిలో జట్కాల ముసీబతే మళ్లీ. తమాషా ఏమిటంటే ఎయిర్‌పోర్టుల దగ్గర యాప్‌లు కూడా చివరికి నంబర్ పెట్టాయి, ముందొచ్చినవాడు ముందని.

కానీ అడ్డామీద సవారీకి ముందు కనిపించేది బండి. యాప్‌లో ముందు కనిపించేది పేరు. 2018 ఏప్రిల్‌లో లక్నోలో ఒకాయన డ్రైవర్ ముసల్మాన్ అని ఓలా బండి రద్దు చేసి, ఆ సంగతి తనే గర్వంగా ట్విటర్లో పెట్టుకున్నాడు. ఓలా తమది సెక్యులర్ వేదిక అని జవాబిచ్చింది. అలా చాటుకోకుండా, చప్పుడు లేకుండా వేలు నొక్కేవాళ్లు ఎందరో ఏ నక్షాలోనూ ఎర్రగా కనిపించరు. ఎక్కడ నిలబడాలో డెబ్భై ఏళ్లుగా నేర్చుకున్నవాడికి పేరును ఏ గల్లీలో నిలబెట్టాలో ఎవరు నేర్పుతారు?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ముఫ్త్. నా మట్టుకు అది మంచి పని. దవాఖానాకు, పనికి పోయే ఔరత్ చేతిలో నాలుగు పైసలు మిగిలాయి. ఆ పైసలు అంతకుముందు కొంతవరకు ఆటోవాలావే. యూనియన్లు సడక్ మీదికొచ్చాయి. డ్రైవర్లు మళ్లీ జాగా మార్చుకుంటున్నారు: బస్టాపు దగ్గర కాదు, బస్సు దిగినవాళ్లు నడవలేనంత దూరం మొదలయ్యే మలుపు దగ్గర. మెట్రో మెట్ల కింద.

అడ్డా కూడా కొంత వాట్సాప్‌లోకి మారింది. చదవడం రానివాళ్లకు ఇబ్బంది లేదు, అన్నీ గొంతు మెసేజులే. అర్ధరాత్రి ఏ షాదీఖానాలో దస్తర్‌ఖాన్ వేశారో, ఏది ఆలస్యమో అందులోనే తెలుస్తుంది: "ఖానా అబ్బీచ్ లగా భాయ్, ఏక్ ఘంటా రుక్కే ఆవ్."