పదేళ్ల నిజామూ, ధాత కరువూ

మా పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు పెట్టారు. ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌ది. ఆయన పదేళ్ల బాలుడిగా హాజరైన ఒక మహోత్సవానికి ఇంగ్లండులో పెద్ద తైలవర్ణ చిత్రం ఉంది.

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. ఆ సభను చిత్రించే పని కలకత్తాలో పుట్టిన ఆంగ్ల చిత్రకారుడు వాల్ ప్రిన్సెప్‌కు దక్కింది. రాణికి కానుకగా ఇవ్వవలసిన పటమది. ప్రిన్సెప్ సంస్థానాలు తిరిగి రాజుల రూపాలు విడివిడిగా గీసుకున్నాడు. 1880లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శితమైన ఆ పటం వెడల్పు ఏడు మీటర్లకు పైమాటే. నేడది బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉంది.

తూర్పుదేశమంటే తలపాగాలు, రత్నహారాలు, జెండాలు అన్న ఐరోపా ఊహకు ఈ పటం చక్కని ఉదాహరణ. విచిత్రమేమంటే, ఆ సభామంటపపు ఆర్భాటాన్ని ప్రిన్సెప్ తన దినచర్యలో ఈసడించుకున్నాడు. అయినా గీయక తప్పలేదు.

పటంలో అందరూ కుదురుగా కూర్చున్నారు. బాల నిజాం వెంట ఢిల్లీ వెళ్లిన దివాను సాలార్‌జంగ్ మనసులో మాత్రం 1853లో చేజారిన బేరారును తిరిగి రాబట్టాలన్న పట్టుదల ఉంది. అది నెరవేరలేదు.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి. అది ధాత నామ సంవత్సరం. మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలను కరువు కాల్చేస్తున్నది. మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ఆ కరువు నడుమనే దర్బారుకు వెళ్లవలసి వచ్చింది. ఆ నెలలోనే లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ మద్రాసు సహాయపు పనుల్లో దినకూలీని పౌను ధాన్యానికీ, కొద్దిపాటి చిల్లరకూ కుదించాడు. పౌను అంటే అర కిలోకన్నా తక్కువ! అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు.

ఆ కరువు పీడితులకూ బొమ్మలున్నాయి. విలోబీ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు ప్రాంతంలో తీసిన ఫోటోలవి. ఎముకల గూళ్లను వరుసగా కూర్చోబెట్టి తీశాడు. దర్బారు పటంలోని ప్రముఖులను ఈనాటికీ పేరుపేరునా గుర్తించవచ్చు. ఈ ఫోటోల్లోని వారికి పేర్లే లేవు.

వలసకూలీలకు మారుపేరైన పాలమూరు మనిషిగా ఆ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూడడం నాకు అవసరమనిపిస్తుంది. మా జిల్లాకు పేరు మొదటి బొమ్మ నుంచి వచ్చింది. మా చరిత్రలో ఎక్కువ భాగం రెండవదానికి దగ్గర.