టిక్కెట్టు సొమ్ముతో ప్రయోగశాల

1874 జనవరిలో ఇటలీలోని నేపుల్సు నగరవాసులకు, అక్కడికి వచ్చే యాత్రికులకు ఒక కొత్త వినోదం లభించినది. సముద్రపుటొడ్డున ఉన్న ఉద్యానవనంలో టిక్కెట్టు కొని లోపలికి పోతే, గాజుపలకల వెనుక చేపలు, ఆక్టోపస్సులు సజీవంగా కనిపించేవి. తమ తలపైన, మేడమీద ఏమి జరుగుతున్నదో చూడవచ్చినవారిలో ఎందరికి తెలుసు?

ఆ భవనాన్ని కట్టించినవాడు ఆంటన్ డోర్న్ అనే జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు. సముద్రజీవులను పరిశీలించగోరేవాడు ఆ రోజులలో సూక్ష్మదర్శినిని, సీసాలను, పుస్తకాలను మోసుకొని తీరానికి పోవలసివచ్చేది. అక్కడ ఏ అద్దెగదిలోనో పని! 1868లో మెస్సినాలో డోర్న్ ఈ కష్టం స్వయంగా అనుభవించినాడు. అందుకే ఈ యోచన. స్థలం నేపుల్సు నగరం ఇచ్చినది. నిర్మాణానికి ఆయన సొంత సొమ్ము, తండ్రి నుంచి తెచ్చినది కరిగిపోయినది. క్రింద ప్రదర్శన, పైన ప్రయోగశాల; క్రింది ఆదాయంతో పైది నడవాలని లెక్క.

టిక్కెట్ల సొమ్ము ఒక్కటే చాలదని తేలినది. దానికి తోడుగా డోర్న్ బల్లలను అద్దెకిచ్చే పద్ధతి పెట్టినాడు. ఏటేటా అద్దె కట్టే ప్రభుత్వమో విశ్వవిద్యాలయమో పంపిన శాస్త్రజ్ఞుడికి బల్ల, రసాయనాలు, గ్రంథాలయం, తాజాగా పట్టితెచ్చిన జీవులు సిద్ధంగా ఉండేవి. ఫలానా విషయమే పరిశోధించాలనే నిర్బంధం మాత్రం లేదు. ఇది చిన్న విషయం కాదు.

అలా వచ్చినవారిలో థియోడోర్ బోవెరి ఒకడు. ముళ్లబంతిలా ఉండే సముద్రపు అర్చిన్ అండాలతో ప్రయోగాలు చేసి, ఒక్కొక్క క్రోమోసోముకు ఒక్కొక్క ప్రత్యేకత ఉన్నదనీ, ఆ జట్టు పూర్తిగా లేనిదే పిండం సరిగా ఎదగదనీ 1902లో ఆయన చూపినాడు.