భరత్‌పూర్: వైస్రాయ్‌ల వేటమడుగు

ఉత్తరాన సైబీరియాలో, మధ్య ఆసియాలో చలి ముదిరేసరికి బాతులు దక్షిణానికి బయలుదేరతాయి. అక్టోబరు, నవంబరు కల్లా రాజస్థాన్ తూర్పు కొసన ఉన్న భరత్‌పూర్ మడుగుల్లో వాలతాయి. మార్చి ఎండలకు నీళ్లు ఇంకడం మొదలవగానే తిరుగుముఖం పడతాయి. మధ్యలో ఉన్న ఆ నాలుగైదు నెలలే ఒకప్పుడు భరత్‌పూర్ సంస్థానానికి వేటకాలం. దేశానికి వైస్రాయ్‌గా వచ్చినవాడు ఏదో ఒక చలికాలంలో ఇక్కడ తుపాకీ పట్టడం రివాజైపోయింది.

ఈ మడుగు దానంతటది పుట్టింది కాదు. గంభీర్, బాణగంగ నదులు ఏటా ఊరిని ముంచుతుంటే 18వ శతాబ్దంలో మహారాజా సూరజ్‌మల్ కాలంలో అజాన్ కట్ట వేశారు. దాని కింద పల్లపు నేల, తుమ్మచెట్లు, మధ్యలో కేవలాదేవ్ అనే శివాలయం. అడవి చిక్కగా ఉండేది కాబట్టి జనం దాన్ని ఘనా అనేవారు. 19వ శతాబ్దం చివర్లో అక్కడ పాలనాధికారిగా ఉన్న మోర్వీ రాజకుటుంబీకుడు హర్భామ్‌జీ ఈ పల్లాన్ని బాతుల వేటకు తీర్చిదిద్దాడని చెబుతారు. కాలువలు తవ్వారు, చిన్న కట్టలు వేశారు, తూములు పెట్టారు. వానాకాలంలో అజాన్ కట్ట నుంచి నీళ్లు వదిలి మడుగులు నింపేవారు. వేట రాజుది, ఆ నేల మీది గడ్డి, పశువుల మేత చుట్టుపక్కల పల్లెలది.

వేట రోజున తుపాకులవాళ్లను నీళ్ల మధ్య కట్టిన మాటుల్లో తలా ఒకచోట కూర్చోబెట్టేవారు. మొదటి తూటా పేలగానే వేల రెక్కలు ఒక్కసారిగా లేచేవి. ఒక మాటు నుంచి తప్పించుకున్న గుంపు మరో మాటు మీదుగా ఎగరక తప్పేది కాదు. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం భోజనాలయ్యాక మరో విడత.

ఎవరు వచ్చారు, ఎన్ని తుపాకులు, ఎన్ని పక్షులు అన్న లెక్కంతా గుడి దగ్గర రాతి పలకల మీద చెక్కించారు. ఇవాళ్టికీ అవి అక్కడే ఉన్నాయి. తొలి వేట 1902లో లార్డ్ కర్జన్‌ది: 17 తుపాకులు, 540 పక్షులు. 1914లో లార్డ్ హార్డింజ్ వచ్చినప్పుడు లెక్క నాలుగు వేలు దాటింది. 1938 నవంబరు 12న లార్డ్ లిన్‌లిత్‌గో బృందం 39 తుపాకులతో 4,273 పక్షులను కూల్చింది. అందులో 3,044 మధ్యాహ్నంలోపే. తుపాకీకి వందకు పైగా పడ్డాయన్నమాట. అన్ని బాతులను ఏ విందు బల్లా తినలేదు. వైస్రాయ్ మెప్పు సంస్థానాధీశుడికి ఎంత అవసరమో ఆ అంకెలే చెబుతాయి.

పలకల మీది చివరి పేరు తెలుగువాళ్లకు బాగా తెలిసినదే. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంలోకి సైన్యాన్ని నడిపించి, ఆ తర్వాత అక్కడే సైనిక గవర్నర్‌గా ఉన్న జె.ఎన్. చౌధురి. 1964లో భరత్‌పూర్‌లో వేటాడేనాటికి ఆయన దేశానికి సైన్యాధిపతి.

స్వాతంత్ర్యం వచ్చాక మడుగుకు ముప్పు నాగలి వైపు నుంచి వచ్చింది. రాజుగారి సరదా కోసం నీళ్లెందుకు నిలపాలి, ఆ నీళ్లు పొలాలకివ్వండి, ఆ నేల దున్నుకోనివ్వండి అని రైతులు అడిగారు. న్యాయమైన కోరికే. అయినా మడుగు మిగిలిందంటే పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పట్టుదల వల్ల, ఆయన మాటకు నెహ్రూ ఇచ్చిన విలువ వల్ల. సలీం అలీ వేట ఎరగనివాడు కాదు. కుర్రతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుకే ఆయన్ని పక్షుల చదువులోకి తెచ్చింది. భరత్‌పూర్‌లో మాత్రం ఆయన, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మనుషులు వేల పక్షులను ప్రాణాలతో పట్టి, కాళ్లకు రింగులు తొడిగి వదిలారు. ఆ రింగుల్లో కొన్ని సోవియట్ నేల మీద దొరికాయి. బాతులు ఎక్కడి నుంచి వస్తున్నాయో అలా తేలింది.

1956లో ఘనా పక్షి సంరక్షణ కేంద్రమైంది. మాజీ మహారాజుకు వేట హక్కు మాత్రం 1972 దాకా ఉంది. 1981లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితా, 1982లో జాతీయ పార్కు హోదా, 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు.

1982తోనే పల్లెలకు కష్టం వచ్చింది. పార్కులో పశువుల మేత నిషేధించారు. తరతరాలుగా గేదెలను తోలుకొచ్చిన నేల చుట్టూ గోడ లేచింది. ఆ నవంబరులో జనం ఎదురుతిరిగితే పోలీసు కాల్పుల్లో గ్రామస్థులు చనిపోయారు. వైస్రాయ్‌ల కాలంలో కూడా ఆ గేదెలను ఇలా గెంటలేదు. పైగా గేదెలు వెళ్లిపోయాక నీటిగడ్డి మడుగులను అల్లేసింది. బాతులకు తెరిపి నీళ్లు కరువయ్యాయి. పదేళ్ల పాటు అక్కడే పరిశీలించిన బొంబాయి సొసైటీ శాస్త్రవేత్తలు, మడుగుకు మేత మేలే చేసేదని తేల్చారు. ఒక్కమాట ముందుగా పల్లెవాళ్లను అడిగి ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావు.

తర్వాతి దెబ్బ నీటికి తగిలింది. గంభీర్ నది మీద ఎగువన పాంచనా ఆనకట్ట వచ్చాక, అజాన్ కట్టకు చేరే నీళ్లు తగ్గిపోయాయి. ఏటా చలికాలానికి ఇక్కడికి వచ్చే సైబీరియన్ కొంగల చివరి జంట 2002 చలికాలం ముగిశాక మళ్లీ రాలేదు. ఇప్పుడు గోవర్ధన్ డ్రెయిన్ నుంచి, చంబల్ నుంచి గొట్టాల ద్వారా నీళ్లు తెచ్చి నింపుతున్నారు.

పార్కుకు ఏటా కావలసింది సుమారు 55 కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. వేట కోసం ఒక సంస్థానం ఏటేటా నింపిన మడుగును పక్షుల కోసం ఒక ప్రభుత్వం నింపలేకపోతే దానికి సాకు ఉండదు. ఆ నీటిని ఏ యేటికాయేడు బతిమాలుకునే దానంగా కాక, హక్కుగా రాసివ్వాలి. చుట్టుపక్కల పల్లెలకూ ఆ గడ్డిలో వాటా తిరిగి ఇవ్వాలి.